నడిసంద్రంలో పంక్తి

మధ్యాహ్నం మూడున్నరకు క్వీన్ మేరీ 2 ఓడలో క్వీన్స్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడితే ముందుగా చెవినపడేది సంగీతం కాదు, పింగాణీ చప్పుడు. వందలాది కప్పులు సాసర్లలో కుదురుకునే సన్నని సవ్వడి అది. ఆ తర్వాతే తీగవాద్యాలు అందుకుంటాయి. తెల్ల చేతితొడుగుల వెయిటర్లు వరుసలో లోపలికి వస్తారు. ఒకరి చేతిలో టీ కూజా, ఒకరి చేతిలో వేలెడంత శాండ్‌విచ్‌ల పళ్లెం, ఇంకొకరి చేతిలో వేడి తగ్గని స్కోన్లు. వాటి వెనకే మీగడ, జామ్. ఎవరూ తొందరపడరు, ఎవరూ గొంతెత్తరు. గోడ అవతల అట్లాంటిక్ ఉందని గుర్తుచేసేది ఒక్కటే: కప్పులో తేనీటి మట్టం ఓడతోపాటు మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది, ఒక క్షణం అక్కడే ఆగి, తిరిగి సర్దుకుంటుంది. ఆ గదిలో ఉన్న ప్రతి కప్పులోనూ అదే క్షణంలో అదే జరుగుతుంది. ఇన్నేళ్లుగా ఓడలెక్కుతున్నా ఆ ఒరుగుదల చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

రసం ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు మన ఆలంకారికులు ఇచ్చిన జవాబుల్లో నా మనసుకు దగ్గరైనది భట్టనాయకుడి సాధారణీకరణం. రంగం మీది భావం నాదీ కాక, పక్కవాడిదీ కాక, అందరిదీ అయినప్పుడే అది ఆస్వాదయోగ్యమవుతుంది. సభ అంతా ఒకే అనుభూతిలో లీనమైతే రసం ఇంకా పుష్టి పొందుతుందని అభినవగుప్తుడు దానికి తోడు చేర్చాడు. నాటకశాలకు చెప్పిన ఈ మాట ఓడకు ఎంత చక్కగా అతుకుతుందో నేను సముద్రం మీదే తెలుసుకున్నాను. ఒకరికొకరు ఏమీ కాని రెండువేల ఆరువందలమంది ఒకే గంటకు ఒకే పని చేయడంలోనే ఓడ ప్రయాణపు రసమంతా ఉంది. ఓడల మీద ఆచారాలని మనం పిలిచేవన్నీ ఆ కూడికకు కట్టుకున్న ఏర్పాట్లు. వాటిలో ఏవి పోతున్నాయి, ఏవి మారుతున్నాయి, ఏవి పోయినా ఫర్వాలేదు అన్నది తూచడానికి నా దగ్గర ఇంతకన్నా మంచి తక్కెడ లేదు.

సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రుల ప్రయాణం. రెండు ఊళ్ల మధ్య కాలం తేడా ఐదు గంటలు. విమానంలో ఆ ఐదు గంటలూ ఒక్కసారిగా నెత్తిమీద పడతాయి. ఓడలో ఐదు రాత్రులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు, అంటే పడమటికి వెళ్తున్నప్పుడు ఐదు రోజులు ఇరవయ్యైదు గంటలవి. ఆ అదనపు గంట ఎవరో తీసి ఇచ్చినట్టు ఉండదు, సముద్రంలోంచే ఊరి వచ్చినట్టు ఉంటుంది. ఉదయం మెలకువ వచ్చేసరికి ఇంకా తొందరలేదన్న సంగతి ఒంటికి ముందు తెలుస్తుంది, గడియారం చూశాక మనసుకు తెలుస్తుంది. 2004 జనవరిలో ఈ ఓడ మొదలైనప్పుడు ఆరు రాత్రుల్లోనే దాటేది. తర్వాత ఏడుకు పెంచారు. ఇంధనం ఆదా అవడం అందుకొక కారణం. ఖర్చు తగ్గించుకునేందుకు చేసిన మార్పు ప్రయాణికులకు ఇంత అందాన్ని తెచ్చిపెట్టడం అరుదు. మార్పులన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టేవాళ్లకు నేను ముందుగా చూపించేది దీన్నే.

మిట్టమధ్యాహ్నం పన్నెండుకు ఓడను నడిపే బ్రిడ్జి నుంచి కెప్టెన్ గొంతు వినిపిస్తుంది. అక్షాంశం, రేఖాంశం, నిన్నటి మధ్యాహ్నం నుంచి నడిచిన దూరం, ఓడ అడుగున నీటి లోతు, గాలి వేగం, రేపటి వాతావరణం. ఇంతే. అలంకారం ఒక్కటీ లేని ఆ వచనాన్ని నేను కవిత్వంలా వింటాను. లోతు చెప్పేటప్పుడు డెక్ మీద నడిచేవాళ్లు ఆగిపోతారు, పుస్తకం చదివేవాళ్లు తలెత్తుతారు. కాళ్ల కింద కిలోమీటర్ల లోతు నల్లని నీరుందన్న మాట విని కూడా ఎవరూ బెదరకపోవడం, ఆ మాట చెప్పిన గొంతు మీద అందరూ ఒకేసారి నమ్మకముంచడం చిన్న విషయం కాదు. ఉపగ్రహాలు రాకముందు అధికారులు మిట్టమధ్యాహ్నపు సూర్యుణ్ణి సెక్స్‌టెంట్‌తో కొలిచి ఓడ ఎక్కడుందో నిర్ధారించేవారు. ఆ రోజు నడిచే దూరం మీద ప్రయాణికులు పందేలు కాసేవారు. ఇప్పుడు క్యాబిన్ టీవీలో పటం మీద ఓడ బొమ్మ ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, ఎవరికి కావాలంటే వారు చూసుకోవచ్చు. అందుకే చాలా పెద్ద ఓడల్లో మధ్యాహ్నపు ప్రకటనలో బింగో వేళలు, దుకాణాల తగ్గింపు ధరలు వచ్చి చేరాయి. సమాచారం పెరిగింది, నిజమే. కానీ ఎవరి తెర వాళ్లు చూసుకోవడం వేరు, అందరూ ఒక గొంతు కోసం ఆగడం వేరు. ఆ ఆగడం పోయిన ఓడలో నాకు మధ్యాహ్నం అయినట్టే ఉండదు.

ఆచారాల పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. అవి విలాసం కోసమే పుట్టాయని చాలామంది అనుకుంటారు. కానీ మొదట్లో ఓడలు నడిచింది ఉత్తరాల కోసం. హాలిఫాక్స్‌కు చెందిన శామ్యూల్ కునార్డ్ ఉత్తరాల రవాణా కాంట్రాక్టు సంపాదించి, 1840 జులై 4న లివర్‌పూల్ నుంచి బ్రిటానియాను బయలుదేరదీశాడు. ప్రయాణికులకు తాజా పాల కోసం ఓడ మీద ఒక ఆవును పెట్టారు. నాకు తెలిసి సముద్రం మీద దక్కిన అతి నిజాయతీగల సౌకర్యం అదే. 1842 జనవరిలో అదే ఓడలో అమెరికాకు వెళ్లిన చార్లెస్ డికెన్స్‌కు తన గది ఎంత ఇరుకో చూసి గుండె జారిపోయింది. 1844లో రచయిత థాకరేకు పి అండ్ ఓ కంపెనీ ఒక విహార యాత్రకు ఉచితంగా టికెట్టు ఇచ్చింది, ఆయన ఆ యాత్ర మీద పుస్తకం రాశాడు. విహారం కోసమే ఓడ నడిపే ఆలోచన బలపడింది 1891లో. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గి ఓడలు ఊరికే పడి ఉంటున్నాయని జర్మన్ ఓడ వ్యాపారి ఆల్బర్ట్ బలిన్ ఆగస్టా విక్టోరియా ఓడను మధ్యధరా సముద్రానికి పంపాడు. చేరవలసిన ఊరంటూ లేని ఆ ప్రయాణంలో రోజును నింపే బాధ్యత ఓడ మీదే పడింది. టీ వేళ, నాట్య వేళ, భోజన వేళ అన్నవి అలా పట్టు బిగించాయి.

ఇక భోజనం. దీని దగ్గర నేను తొందరపడను.

పాత పద్ధతిలో సాయంత్రం రెండు విడతలు. మీకు ఒక విడత, ఒక బల్ల, ఒక వెయిటరు, ఏడుగురు అపరిచితులు నిర్ణయమై ఉంటారు. ప్రయాణం ముగిసేదాకా ఆ కుర్చీ మీదే. మొదటి రాత్రి పేర్లు, ఊళ్లు. రెండో రాత్రి ఉద్యోగాలు. మూడో రాత్రికి ఒంటి నొప్పులు. ఐదో రాత్రికి పిల్లలతో మాటల్లేని సంగతి ఎవరో ఒకరు కదుపుతారు, బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోతాయి. యార్క్‌షైర్ నుంచి వచ్చిన ఒక వితంతువు, తాను ఎప్పుడూ చూడని మనవడి దగ్గరికి వెళ్తూ, ఆ పిల్లవాడితో మొదట ఏం మాట్లాడాలని మా బల్ల మొత్తాన్ని సలహా అడిగింది. ఎనిమిదిమందిమీ ఎంత గంభీరంగా ఆలోచించామో! మన పెళ్లిళ్లలో పంక్తి భోజనం పోయి బఫే వచ్చినప్పుడు ఏం పోయిందో తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. పంక్తిలో పక్కన ఎవరు కూర్చుంటారో మనం ఎంచుకోలేదు, అందుకే పెళ్లివారిలో సగంమంది మనకు చుట్టాలయ్యారు.

2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ సంస్థ ఈ కట్టుబాటు తీసేసింది. ఇష్టమైన వేళ, ఇష్టమైన చోట, ఇష్టమైనవాళ్లతో తినవచ్చంది. మిగతావాళ్లూ తమ తమ పేర్లతో అదే దారి పట్టారు. చంటిపిల్లలున్నవాళ్లకు, మందుల వేళ తప్పకూడని పెద్దవాళ్లకు, అరవై ఏళ్ల వయసులో మెడకు బో కట్టుకోవడం ఇష్టంలేని మా అన్నయ్యలాంటివాళ్లకు ఇది ఉపశమనమే. ఒప్పుకుంటాను. కానీ స్వేచ్ఛ వచ్చిన తర్వాత అందరూ ఎక్కువగా కోరుకున్నది ఇద్దరు కూర్చునే చిన్న బల్ల. పెద్ద గుండ్రని బల్లలు ఓడ ఓడకూ తగ్గిపోతున్నాయి. వాటితోపాటే మరొకటీ సన్నగిల్లింది. రోజూ అదే వెయిటరు ఉంటే అతనికి మన నాలుక తెలుస్తుంది. మాంసం తినని అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది బాగా అనుభవం: మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌తో ఒక మాట చెబితే, రెండో రాత్రి నుంచి మెనూలో లేని పప్పు, ఆలూ కూర, వేడి అన్నం అడగకుండా వచ్చేవి. వంటగదిలో గోవా మనిషో, ముంబై మనిషో మన కోసం తాలింపు పెట్టినట్టు ఆ ఘుమఘుమే చెప్పేది. ఇప్పటికీ అడిగితే చేసిపెడతారు. కానీ రాత్రికో రెస్టారెంటు, రాత్రికో బల్ల అయినప్పుడు ప్రతి రాత్రీ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఆ భోజనశాలలోనే ఒక అద్భుతరస ఘట్టం ఉండేది. చివరి రాత్రుల్లో ఒకనాడు దీపాలు తగ్గించేవారు. సంగీతం వేగం అందుకునేది. వంటగది తలుపులు తెరుచుకుని వెయిటర్లందరూ బారులు తీరి, మంటలు వెలుగుతున్న బేక్డ్ అలాస్కా పళ్లేలను తలకెత్తుకుని వచ్చేవారు. కేకు మీద ఐస్‌క్రీమ్, దాని మీద గుడ్డు తెల్లసొన నురుగు, ఆ నురుగు పైన మంట. అమెరికా అలాస్కాను కొన్న 1867 నాటి జ్ఞాపకం ఆ పేరులో ఉందంటారు. పైన నిప్పు, లోపల మంచు, చుట్టూ చీకటి, గాలిలో గిరగిరా తిరిగే వెయ్యి తెల్ల న్యాప్‌కిన్లు. రసానికి కారణమయ్యే విభావమంటే ఏమిటో పాఠం చెప్పనక్కర్లేకుండా అక్కడ అర్థమయ్యేది. రుచికి అది గొప్ప వంటకం కాదు, మామూలు తీపి. కానీ ఊరేగింపులో వచ్చినప్పుడు దానికి రుచితో పనిలేదు. నిప్పు ఓడకు ప్రథమ శత్రువు కాబట్టి మంటల చోట బ్యాటరీ దీపాలు వచ్చాయి. తర్వాత చాలా ఓడల్లో ఊరేగింపే ఆగిపోయింది. మంట తీసెయ్యడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 2006 మార్చిలో జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ ఓడ బాల్కనీల వెంట పాకిన మంట ఎలాంటిదో తెలిసినవాళ్లెవరూ ఓడ మీద నిప్పుతో ఆట కోరుకోరు. ఊరేగింపు తీసెయ్యడాన్ని మాత్రం సమర్థించలేను. నడిచే మనుషులకు, సంగీతానికి ఏ ప్రమాదమూ లేదు కదా.

పోయినా నాకు బాధలేనివి చాలా ఉన్నాయి. అర్ధరాత్రి బఫే పోయింది, మంచి పనైంది. చెక్కిన మంచుబొమ్మల చుట్టూ రొయ్యల గుట్టలు పోసి, ఫొటోలు తీసుకున్నాక సగం పారబోసే ఆ దృశ్యంలో నాకు ఏ రసమూ కనబడలేదు. ఓడ కదిలేటప్పుడు రేవులోని వాళ్లకూ డెక్ మీది వాళ్లకూ మధ్య రంగు కాగితపు రిబ్బన్లు విసిరేవారు. అవి సాగి సాగి తెగడం పాత ఫొటోల్లో చూస్తే గుండె పట్టేస్తుంది. కానీ ఆ కాగితాలన్నీ చేరేది సముద్రంలోకే. వీడ్కోలు అందం కోసం సముద్రాన్ని మురికి చేసే హక్కు మనకు లేదు. రాత్రి దిండు మీద పెట్టే చాక్లెట్ పోయిందని వగచేవాళ్లను చూశాను. నాకు ఆ చాక్లెట్ కన్నా దాన్ని పెట్టే వేళ ముఖ్యం. మనం భోజనానికి వెళ్లినప్పుడు స్టీవార్డు రెండోసారి గదిలోకి వచ్చి, దుప్పటి ఒక మూల మడిచి, దీపం తగ్గించి, తువ్వాలుతో ఏనుగునో కోతినో చేసి పెట్టి వెళ్లేవాడు. ప్రతి చేతి మడత వేరు. ఒకరి ఏనుగుకు తొండం పైకి ఉంటుంది, ఒకరి ఏనుగు తల దించుకుంటుంది. చాలా ఓడల్లో ఇప్పుడు స్టీవార్డు రోజుకు ఒక్కసారే వస్తున్నాడు. రాత్రి గదికి తిరిగొచ్చేసరికి మన కోసం ఒక మనిషి వచ్చి వెళ్లిన గుర్తు ఉండటం లేదు.

పాత ఓడల మీద మోజు ఉన్నవాళ్లం ఒక నిజం దాచకూడదు. ఆ కాలంలో కూడిక అంటే ఒక తరగతిలోపలి కూడికే. మూడో తరగతిలో వలస వెళ్లేవాళ్లకు నాట్యశాలలు లేవు. 1969లో వచ్చిన క్వీన్ ఎలిజబెత్ 2 కూడా మొదట రెండు తరగతులతోనే నడిచింది. విహార ఓడలు ఆ గోడలను కూల్చాయి. అందరికీ ఒకే డెక్, ఒకే ఈతకొలను, ఒకే నాటకశాల. ఇరవయ్యో శతాబ్దపు చివర్లో ఓడ ప్రయాణం సాధించిన అత్యుత్తమ సౌందర్యం అదేనని నా అభిప్రాయం. ఇప్పుడు అదే గోడ మళ్లీ లేస్తోంది. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకు ఓడలోపల ఇంకో ఓడ: తాళంకార్డుతో తెరుచుకునే తలుపు, వేరే కొలను, వేరే భోజనశాల. క్వీన్ మేరీ 2లో కూడా గ్రిల్స్ అనే ఖరీదైన గదుల ప్రయాణికులు భోంచేసే చోటు వేరే. నాకు ఆ ఓడ ప్రాణం, అయినా ఆ తలుపు నాకు నచ్చదు.

తరచూ వచ్చేవాళ్లకు ఇచ్చే సౌకర్యాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. వెండి, బంగారం, ప్లాటినం, వజ్రం అని మెట్లు. మెట్టు పెరిగేకొద్దీ బట్టల ఉతుకుడు ఉచితం, ఇంటర్నెట్‌లో తగ్గింపు, ఎక్కేటప్పుడు వేరే వరుస, ఒక సాయంత్రం కెప్టెన్‌తో విందు. ఇన్నాళ్లూ చాలా సంస్థలు ఆ మెట్లను సముద్రం మీద గడిపిన రాత్రులతో కొలిచాయి. పింఛను డబ్బుతో కిటికీ లేని చౌక గదిలో వచ్చే ముసలాయన, ఏళ్ల తరబడి వచ్చినందుకు, పెద్ద సూట్ తీసుకున్నవాడికన్నా పైమెట్టు మీద ఉండగలిగేవాడు. విందులో ఆ ప్రయాణికులందరిలోకెల్లా ఎక్కువ రోజులు సముద్రం మీద గడిపిన మనిషిని ముందుకు పిలిచి కెప్టెన్ చేయి కలిపితే హాలంతా చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లలో అసూయ ఉండేది కాదు, ఎందుకంటే కాలాన్ని ఎవరూ కొనలేరు. 2025 జూన్‌లో కార్నివాల్ సంస్థ 2026 జూన్ నుంచి తన మెట్లు పెట్టిన ఖర్చును బట్టి ఉంటాయని ప్రకటించింది. వ్యాపారంగా అది వాళ్లిష్టం. పైమెట్ల మీద జనం నిండిపోయి ఎవరికీ ఏదీ సరిగా అందని మాటా నిజమే. కానీ రాత్రులకు దక్కే గౌరవం వేరు, రూపాయలకు దక్కే రాయితీ వేరు. మొదటిదానికి సభ ఉంటుంది, రెండోదానికి రసీదు ఉంటుంది. ఉచిత లాండ్రీ సంచి తీసేసినా నేను పట్టించుకోను. ఆ ముసలాయనకు కొట్టే చప్పట్లను మాత్రం ఉంచండని ఏ సంస్థనైనా ప్రాధేయపడతాను.

భద్రతా కసరత్తు కూడా మారింది. టైటానిక్ తర్వాత 1914లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నుంచి వస్తున్న క్రమశిక్షణ ఇది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినగానే అందరూ తమ లైఫ్‌బోటు చోటుకు చేరి వరుసల్లో నిలబడేవారు. 2012లో కోస్టా కాంకార్డియా మునిగి 32 మంది చనిపోయాక, ఓడ కదలకముందే ఆ కసరత్తు పూర్తికావాలన్న నియమం గట్టిపడింది. 2020 నుంచి చాలా ఓడల్లో ఫోన్లో వీడియో చూసి, ఎవరి వీలును బట్టి వాళ్లు తమ చోటుకు వెళ్లి కార్డు చూపించి రావడమే. ఎండలో నిలబడే బాధ తప్పింది. అయినా నారింజరంగు లైఫ్‌జాకెట్లు మెడలో వేసుకుని, ధనికుడూ పేదా తేడా లేకుండా, ఒకే పడవలో నాతోపాటు ఎవరెవరు కూర్చుంటారో ముఖాలు చూసుకున్న ఆ పావుగంట నాకు ఓడ మీద తొలి సభలా ఉండేది. దాన్ని నేను ఇంకా కోరుకుంటాను.

పాతవి కొన్ని ఎంత జాగ్రత్తగా నిలబెడుతున్నారో కూడా చెప్పకపోతే అన్యాయం. క్వీన్ మేరీ 2 కూతల్లో ఒకటి 1930లనాటి తొలి క్వీన్ మేరీ ఓడది. ఆ ఓడ 1967 నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో నిలిచి ఉంది. దాని గొంతు మాత్రం ఇంకా అట్లాంటిక్ దాటుతోంది. ఆ మంద్రస్వరం చెవికన్నా ముందు రొమ్ములో వినిపిస్తుంది. కుక్కలను వెంట తెచ్చుకునేవాళ్ల కోసం అదే ఓడ మీద పెంపుడు జంతువుల వసతి ఉంది. 2016లో దాన్ని విస్తరించి, ఇంగ్లండు కుక్కలకు దీపస్తంభం, అమెరికా కుక్కలకు వీధి ఫైర్ హైడ్రెంట్ పెట్టారు. ఎంత ముద్దుగా ఆలోచించారు! ఒంటరిగా వచ్చిన స్త్రీలతో బాల్‌రూమ్ నాట్యం చేయడానికి కునార్డ్ సంస్థ ఓడల మీద నియమించే పెద్దమనుషుల ఆచారం నాకు ఇంకా ప్రియం. ఒకరితోనే ఆడకూడదు, అందరికీ వంతు రావాలి. ఎనభై ఏళ్ల ఒకావిడ ఆ వంతు వచ్చినప్పుడు కర్ర కుర్చీకి ఆనించి లేచి నిలబడిన తీరు ఏ నర్తకి రంగప్రవేశానికీ తీసిపోదు.

కొత్తవీ పుడుతున్నాయి. గత కొన్నేళ్లుగా ప్రయాణికులు ఇంటి నుంచి రబ్బరు బాతులు తెచ్చి ఓడంతటా దాస్తున్నారు. ఎవరికి దొరికితే వాళ్లదే, కావాలంటే మళ్లీ దాచవచ్చు. ఏ సంస్థా చెప్పలేదు, ఎవరూ డబ్బు అడగలేదు. మెట్ల మూల బాతు దొరికిన పసివాడు పరుగెత్తుకుంటూ వచ్చి అపరిచితులకు చూపించడం చూసి నాకు ధైర్యం వచ్చింది. కూడిక కోసం మనిషి ఆకలి తగ్గలేదు.

మన విశాఖకూ ఇందులో భాగముంది. 2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణాలు మొదలుపెట్టింది. 2023లో రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఆ ఓడ 1990లో ఫ్రాన్సులోని సాన్ నజేర్‌లో తయారైంది, క్వీన్ మేరీ 2 పుట్టిన నౌకానిర్మాణశాలే అది. మన తీరంలో ఓడ ఆచారాలంటూ ఇంకా ఏవీ స్థిరపడలేదు, వాటిని ఏర్పరచేది ఇప్పుడు ఎక్కేవాళ్లే. విశాఖలో ఎక్కినా, మయామీలో ఎక్కినా, తెలుగు పాఠకులను ఒక్కటే కోరుతున్నాను. తొలి సాయంత్రం హెడ్ వెయిటర్ ఎంతమందికి బల్ల అని అడిగినప్పుడు, మీవాళ్లకు మాత్రమే అనకండి. తెలియనివాళ్లతో కలిపి పెద్ద బల్ల వెయ్యమనండి, ప్రయాణం ముగిసేదాకా అదే బల్ల కావాలనండి. అడిగేవాళ్లు ఉన్న ఓడల్లో ఆ బల్లలు ఇంకా వేస్తున్నారు.